కిటికీలు మూసిన మేడగది: వాంకూవర్ వదిలి బరంపురంలో పని పెట్టుకున్న నా అనుభవం

మేడ మీద గది కిటికీలకు ప్లైవుడ్ కొట్టించిన రోజు నాన్నగారు నాతో మాట్లాడలేదు. రాత్రి అన్నాల దగ్గర అమ్మతో అన్నారు, నాకు వినపడేలాగే: "గాలి కోసం కట్టించిన మేడ. దాని కళ్లు పొడిచేసింది." ఆయన ఒడిశాలోని బరంపురంలో ఒక పట్టుచీరల దుకాణంలో ముప్పై ఎనిమిదేళ్లు గుమాస్తాగా చేశారు. చీర రంగు తెలియాలంటే దాన్ని పట్టుకుని ఎండలోకి వెళ్లాలన్నది ఆయన నమ్మకం. రంగులు చూడ్డానికి కూతురు గది చీకటి చేసుకోవడమేమిటో ఆయనకు ఎక్కలేదు.

నా పని సినిమా విజువల్ ఎఫెక్ట్స్‌లో కంపోజిటింగ్. విడివిడిగా తీసిన నటుడు, కంప్యూటర్‌లో చేసిన వాన, ఎక్కడో కూలుతున్న గోడ, ఇవన్నీ ఒకే కెమెరా ఒకేసారి చూసినట్టు కలపడం. దానికి ముందు మెట్టు రోటో. అంటే నటుణ్ణి వెనకున్న దృశ్యం నుంచి విడదీయడానికి అతని చుట్టూ గీత గీయడం. సెకనుకి 24 ఫ్రేములు. నాలుగు సెకన్ల షాట్ అంటే 96 ఫ్రేములు. మనిషి మొత్తానికి ఒక్క గీత గీస్తే కుదరదు. తల వేరు, ముంజేయి వేరు, ఒక్కో వేలు వేరు. మనిషి వేగంగా కదిలితే అంచు మసకబారుతుంది, ఆ మసకని కూడా పట్టుకోవాలి. ఇందులో ఏ తప్పు జరిగినా వెలుతురులో కనపడదు. అందుకే ప్లైవుడ్.

ఈ పని 2011లో హైదరాబాద్‌లో నేర్చుకుని అక్కడే రాత్రి షిఫ్టుల్లో రోటో చేశాను. 2013 ఫిబ్రవరిలో రిథమ్ అండ్ హ్యూస్ అనే పెద్ద అమెరికన్ ఎఫెక్ట్స్ కంపెనీ దివాలా పిటిషన్ వేసిందని క్యాంటీన్‌లో చదివాం. దాని పనికి ఆస్కార్ వచ్చింది కూడా ఆ నెలలోనే. హైదరాబాద్‌లోనూ వాళ్లకి స్టూడియో ఉండేది. ఎంత బాగా చేసినా ఉద్యోగం నిలుస్తుందన్న పూచీ ఈ లైన్లో లేదని అప్పుడే తెలుసుకోవాల్సింది. ఇరవై మూడేళ్ల వయసు, తెలుసుకోలేదు. తర్వాత ముంబై. 2017లో వాంకూవర్.

వాంకూవర్‌లో ఇన్ని స్టూడియోలు ఎందుకంటే, బ్రిటిష్ కొలంబియా ప్రభుత్వం అక్కడి ఉద్యోగుల జీతాల మీద కంపెనీలకి పన్ను రాయితీ ఇస్తుంది. హాలీవుడ్ పని ఆ రాయితీ వెంట అక్కడికి వస్తుంది. ఆ పనిలో ఎక్కువ గంటలు తినే ముక్క, అంటే రోటో, ఇంకా చౌక కోసం మళ్లీ ఇండియాకి వస్తుంది. ఈ తాడుకి ఇటు చివర నాలుగేళ్లు కూర్చున్న నేను అటు చివర ఆరేళ్లు కూర్చున్నాను. ఇండియా నుంచి వచ్చిన రోటో చూసి, "కుడిచేతి వేళ్ల దగ్గర అంచు వణుకుతోంది, సరిచేయండి" అని రెండు ముక్కలు టైప్ చేసి సాయంత్రం ఏడింటికి ఇంటికి పోయేదాన్ని. అప్పుడు ఇక్కడ ఉదయం ఏడున్నర. ఒకసారి ఒక ఫైల్ పేరు చివర మూడక్షరాలు చూసి ఆగిపోయాను. హైదరాబాద్‌లో నా పక్క కుర్చీలో కూర్చున్న అమ్మాయి ఇంటిపేరూ పేరూ కలిపిన పొట్టక్షరాలు. ఆ షాట్‌ని నేను అప్పటికి మూడుసార్లు వెనక్కి పంపాను.

2023లో హాలీవుడ్ రచయితల సమ్మె మే 2న మొదలైంది, జూలై 14న నటుల సమ్మె తోడైంది. షూటింగ్ లేకపోతే షాట్లు లేవు. రచయితల సమ్మె సెప్టెంబర్ చివర్లో, నటులది నవంబర్ 9న ముగిశాయి కానీ, మా దాకా పని రావడానికి ఆ తర్వాత ఇంకా నెలలు పడుతుంది. అక్టోబర్‌లో నా కాంట్రాక్ట్ పొడిగించలేదు. వర్క్ పర్మిట్ ఆ ఒక్క కంపెనీ పేరు మీదే ఉంది. 2024 జనవరిలో రెండు పెట్టెలతో, అమ్మ చెప్పినా వినకుండా మోసుకొచ్చిన ఒక మానిటర్‌తో ఇంటికొచ్చాను.

మా గంజాం జిల్లాలో "తిరిగొచ్చేశాడు" అంటే సూరత్ నుంచి అని అర్థం. ఇక్కడివాళ్లు లక్షల మంది అక్కడి మరమగ్గాల మీద పనిచేస్తారు. 2020 లాక్‌డౌన్‌లో బస్సుల్లో, రైళ్లలో వాళ్లు వచ్చిన తీరు ఇక్కడ ఎవరూ మర్చిపోలేదు. వాళ్లని క్వారంటైన్‌లో పెట్టారు. నన్ను మాత్రం "అమెరికా అమ్మాయి" అని వీధి సంఘం వాళ్లు సన్మానానికి పిలిచారు. కెనడా అని చెప్పి చెప్పి మానేశాను. ఉద్యోగం పోయి వచ్చానని మాత్రం ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు కూడా.

హైదరాబాద్ ఎందుకు పోలేదని ఇప్పటికీ అడుగుతారు. అమ్మ మోకాళ్లు ఒక కారణం. ఇంకోటి, ఆరు నెలలు అద్దె లేకుండా ప్రయత్నించి చూడొచ్చు అనుకోవడం. బరంపురంలో సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్క్ కేంద్రం ఉంది. అక్కడికీ వెళ్లి కనుక్కున్నాను. కానీ మేడగదికి అద్దె లేదు, దాంతో లెక్క తేలిపోయింది. సెకండ్ హ్యాండ్ కంప్యూటర్లు ఆరు, పెద్ద యూపీఎస్ ఒకటి, రెండు కంపెనీల ఇంటర్నెట్. చేతిలో ఉన్నదాంట్లో సగం మొదటి రెండు నెలల్లోనే అయిపోయింది. వేసవి గాలివానకి రెండు కనెక్షన్లూ ఒకే స్తంభం మీద నుంచి వస్తున్నాయని తెలిసింది.

విదేశీ క్లయింట్లు షాట్ ఇచ్చే ముందు ఒక ప్రశ్నల పట్టిక పంపుతారు. పనిచేసే గదికి తాళం ఉందా, కెమెరా ఉందా, పని మెషీన్లకి ఇంటర్నెట్ లేకుండా చేశారా, ఫోన్లు బయట పెట్టిస్తారా. విడుదల కాని సినిమా బొమ్మ ఒక్కటి బయటికి పోతే వాళ్ల పీకల మీదికి వస్తుంది కాబట్టి ఆ జాగ్రత్త. మా ఇంట్లో ఫోన్లు మెట్ల దగ్గర అమ్మ పూలసజ్జలో పెట్టించాం. మధ్యాహ్నం అన్ని ఫోన్లూ ఒకేసారి మోగితే సజ్జ వణికేది. అమ్మ అందులోంచి ఒకటి ఎత్తి, "వాడు చీకట్లో ఉన్నాడు, తర్వాత చెయ్యండి" అని పెట్టేసేది.

పని ఎలా వచ్చిందో ఉన్నదున్నట్టు చెప్తాను, ఎందుకంటే ఇక్కడే అందరూ కథ మారుస్తారు. మొదటి పని హైదరాబాద్ నుంచి, ఒకప్పుడు నా దగ్గర నేర్చుకుని ఇప్పుడు సూపర్‌వైజర్ అయిన కుర్రాడు ఇచ్చాడు. రెండోది ఒక తెలుగు సినిమా పని. డబ్బు ఏడు నెలలు తిప్పి సగం ఇచ్చారు. మూడోది ఒడియా ఆల్బమ్ పాట. ఎనిమిది వేలకి పాట మొత్తం చేయాలి, పైగా హీరోయిన్ వెనక మంచు కురవాలి. గోపాల్‌పూర్ బీచ్‌లో తీసిన పాట అది. చేశాం. ఆ తర్వాతే అసలు పని. వాంకూవర్‌లో నాతో పనిచేసిన కోఆర్డినేటర్ ఒకావిడ వేరే కంపెనీలో చేరి, పరీక్షగా 48 ఫ్రేముల షాట్ ఒకటి పంపింది. దాంతో నిలబడ్డాం.

ఇందులో నా ప్రతిభ ఎంత అంటే, మా గదిలో ఇప్పుడున్న ఇచ్ఛాపురం అమ్మాయి రోటో నా రోటో కన్నా బాగుంటుంది. ఆ 48 ఫ్రేములు చేసింది కూడా ఆమే. కానీ ఆమె ఎన్ని ఈమెయిళ్లు పెట్టినా ఆ కోఆర్డినేటర్ తెరిచి ఉండేది కాదు. నేను వాంకూవర్ నుంచి తెచ్చుకున్న ఆస్తి ఏమిటంటే, నా పేరు చూస్తే ఈమెయిల్ తెరిచే పదిహేను మంది. ఇది తలుచుకుంటే ఇప్పటికీ కాస్త సిగ్గుగానే ఉంటుంది.

పని నేర్పడం నేను అనుకున్నంత తేలిక కాలేదు. ఐదుగురిని తీసుకున్నాను. ఇద్దరు తెలుగువాళ్లు, ఇద్దరు ఒడియావాళ్లు, ఒకడు ఏ భాషలో మొదలెట్టి ఏ భాషలో ముగిస్తాడో తెలియని అసలు సిసలు బరంపురంవాడు. తెలుగువాళ్లకి నేను అక్కని, ఒడియావాళ్లకి నానిని. ఒడియాలో నాని అంటే అక్కే. హైదరాబాద్ నుంచి ఫోన్ చేసేవాళ్లకి ఇది ఎప్పటికీ నవ్వే.

వాంకూవర్‌లో రోజూ ఉదయం "డైలీస్" ఉండేవి. చీకటి గదిలో అందరి షాట్లూ అందరి ముందూ వేస్తారు. సూపర్‌వైజర్ తప్పులు చెప్తాడు, పక్కవాళ్లూ చెప్తారు. ఎవరూ మనసులో పెట్టుకోరు, కనీసం పెట్టుకోనట్టు కనపడతారు. మా మేడ మీద అదే పెట్టాను. మొదటి రోజు షాట్ వేసి ఎలా ఉందని అడిగితే, "బాగుంది అక్కా." రెండోది, "బాగుంది నాని." పదకొండు షాట్లూ బాగున్నాయి. అందులో తొమ్మిది మళ్లీ చేయాల్సినవి. నేనే ఒక్కొక్కటీ విప్పి చెప్పాను, మెత్తగానే చెప్పాననుకున్నాను. మర్నాడు ఇద్దరు రాలేదు. ఒకడి వాళ్ల నాన్న మా నాన్నగారిని బజారులో పట్టుకుని, నలుగురిలో పిల్లాడి పరువు తీశారని అన్నాడట.

వారం పాటు డైలీస్ ఆపేశాను. తర్వాత నా షాటే ముందు వేయడం మొదలుపెట్టాను, కావాలని రెండు తప్పులు ఉంచి. నోటితో చెప్పక్కర్లేదు, చీటీ మీద రాయండి, పేరొద్దు, ఏ భాషైనా సరే అన్నాను. మొదటి చీటీ ఇచ్ఛాపురం అమ్మాయిది, చేతిరాత బట్టి తెలిసిపోయింది: "ఎడమ చెవి చచ్చిపోయింది." తల తిరిగినా చెవి గీత తిరగలేదని దాని అర్థం. పదేళ్లలో అంత సూటి నోట్ నాకెవరూ రాయలేదు. అది నేను కావాలని ఉంచిన తప్పు కూడా కాదు. అలా అలా మా గదికి సొంత మాటలొచ్చాయి. అంచు కదులుతుంటే "చలి జ్వరం". షాట్ అయిపోతే వాంకూవర్‌లో "ఫైనల్" అనేవాళ్లు, ఇక్కడ "ఉడికింది" అంటారు. కొంచెం మిగిలితే "పలుకు ఉంది." రెండు మూడు నెలలకి చీటీలు పోయి నోళ్లు లేచాయి. ఇప్పుడు నన్నే ఆపాల్సి వస్తోంది.

ఇంకో అలవాటు గంటల లెక్క. హైదరాబాద్‌లో నేను తెల్లారేదాకా చేసిన రాత్రులకి ఎవరూ లెక్క రాయలేదు, నేనూ రాసుకోలేదు. వాంకూవర్‌లో మొదటి వారం ఎనిమిది దాటి కూర్చుంటే, "ఓవర్‌టైమ్‌కి ఎవరు ఒప్పుకున్నారు?" అని అడిగారు. తిట్టారేమో అనుకున్నాను. ఇక్కడ ప్రతి షాట్‌కీ పట్టిన గంటలు గోడమీద కాగితంలో రాయిస్తాను. దానివల్ల తెలిసిందేమంటే, నేను క్లయింట్లకి చెప్పే రేటు ఏడాది పాటు తప్పు. జుట్టున్న షాట్లకి మూడు రోజులని చెప్పి ఐదు రోజులు చేస్తున్నాం. రేటు పెంచితే ఇద్దరు పోయారు. పోనిచ్చాను. ఒక్క అర్ధరాత్రి కూడా పిల్లల్ని ఉంచలేదని చెప్పుకోవాలని ఉంది కానీ, నిరుడు నవంబర్‌లో నాలుగు రాత్రులు ఉంచాను. డబ్బు ఇచ్చాను, పొద్దున్నే అమ్మ ఉప్మా పెట్టింది, అయినా ఉంచాను.

పేర్ల సంగతి మాత్రం నా వల్ల కాలేదు. సినిమా చివర పేర్లలో మా ఐదుగురి పేర్లు రావాలని ప్రతి ఒప్పందంలో అడుగుతాను. స్టూడియో పేరు వేస్తామంటారు, అదీ చోటుంటే. 2025 ఫిబ్రవరిలో టెక్నికలర్ గ్రూప్ అనే పెద్ద ఎఫెక్ట్స్ కంపెనీ కూలిపోయి బెంగళూరు, ముంబైలలో కూడా జనం ఒక్కసారిగా రోడ్డున పడ్డప్పుడు, మా మేడగదికి నలభైకి పైగా రెజ్యూమెలు వచ్చాయి. పలాస, టెక్కలి, పర్లాకిమిడి కుర్రాళ్లవి కూడా ఉన్నాయి. నాకన్నా పెద్ద షాట్లు చేసినవాళ్లు. ఫలానా సినిమాకి చేశానని రుజువు చూపించడానికి చాలామంది దగ్గర పేరు లేదు. ఒక్కరిని తీసుకోగలిగాను.

అదే ఏడాది వేసవిలో బుధి ఠాకురాణి జాతర వచ్చింది. బరంపురంలో రెండేళ్లకోసారి, ఇంచుమించు నెల్లాళ్లు. అమ్మవారు గుడి వదిలి దేశీబెహెరా వీధిలో కట్టిన తాత్కాలిక ఆలయానికి వస్తుంది. ఊరందరికీ అది ఆడపిల్ల పుట్టింటికి రావడమే. నేతవాళ్ల కులపెద్దని దేశీబెహెరా అంటారు. ఆ నేతవాళ్ల పూర్వీకులు గోదావరి వైపు నుంచి వచ్చారని పెద్దవాళ్లు చెప్పుకుంటారు. వీధుల్లో పులివేషాలు, మొక్కు వేషాలు. కొన్ని వీధుల్లో కళాకుంజాలు కడతారు, పురాణ ఘట్టాల బొమ్మలతో. మా వీధి సంఘం నన్ను సన్మానించిన అప్పు తీర్చుకోమంది. నరసింహుడు స్తంభంలోంచి వచ్చే ఘట్టం కావాలి, "అమెరికాలో చేసినట్టు" కావాలి.

నేను ప్రొజెక్టర్ పెట్టి స్తంభం మీద పగుళ్లు, మంటలు, సింహం ముఖం అన్నీ వెలుతురుతో వేద్దామన్నాను. ఐదువేల ల్యూమెన్ల ప్రొజెక్టర్ అద్దెకి తెచ్చి అర్ధరాత్రి మా డాబా మీద పరీక్షించాం. అద్భుతంగా ఉంది. మొదటి రాత్రి వీధిలో పెడితే ఏమీ కనపడలేదు. చుట్టూ సీరియల్ బల్బులు, హాలోజన్లు, పక్క దుకాణం ట్యూబ్‌లైట్. ఇంత చీకటి తెలిసిన మనిషిని, జాతరలో వెలుతురు ఉంటుందని మర్చిపోయాను. ఒక ముసలమ్మ వచ్చి స్తంభానికే దండం పెట్టి వెళ్లింది.

ఆ రాత్రి ఆదుకున్నది మా వీధి చివరాయన. ఇరవై రెండేళ్లు సూరత్‌లో మరమగ్గాల మెకానిక్‌గా చేసి, లాక్‌డౌన్‌లో వచ్చి, మధ్యలో రెండుసార్లు పోయి మళ్లీ వచ్చాడు. అందరూ సూరత్ మామ అంటారు. "అమ్మా, నీ బొమ్మ సినిమాకి బాగుంటాది. వీధికి చెయ్యి లేవాలి," అన్నాడు. చెక్క నరసింహుడికి మోటారు, క్యామ్, అంటే తిరుగుతూ చేతిని లేపి దించే వంకర చక్రం, పెట్టి చెయ్యి లేపాడు. లేచింది, దిగింది, లేచింది, దిగింది. బియ్యం దంచుతున్నట్టుంది.

అప్పుడు నేను నోరు తెరిచాను. చెయ్యి మెల్లగా మొదలవ్వాలి, పైకి చేరేటప్పుడు మళ్లీ మెల్లబడాలి, పైన కాసేపు ఆగాలి, కొట్టేటప్పుడు మాత్రం ఒక్కసారిగా దిగాలి అని ఫ్రేముల లెక్కలో కాగితం మీద గీసి చూపించాను. యానిమేషన్ చదివినవాళ్లకి ఇది మొదటి పాఠం. ఆయన కాగితం కేసి చూసి, "ఇది నాడె సంగతేగా," అన్నాడు. మరమగ్గంలో నాడెని, అంటే దారాన్ని అటూ ఇటూ మోసే ముక్కని, విసిరే క్యామ్ ఒక్కపెట్టున కొట్టాలట, లేకపోతే నాడె అటు చివరకి చేరదు. చేరేటప్పుడు పెట్టెలో మెత్తగా ఆగాలి, లేకపోతే ఎగిరి బయటపడుతుంది, మనిషి కంటికి తగులుతుంది. ఆయన ఎడమ కనుబొమ్మ మీద ఆ మచ్చ ఉంది. మర్నాటికి ఆకురాయితో క్యామ్‌ని ఒకవైపు కోడిగుడ్డులా, ఒకవైపు గోడలా అరగదీశాడు. పైన చెయ్యి ఆగేచోట అంచు ఎత్తు మారకుండా కొంచెం గుండ్రంగా ఉంచాడు. నేను ఏడాది కోర్సు ఫీజు కట్టి నేర్చుకున్నది అది.

తర్వాత స్తంభం చుట్టూ మూడు వైపులా ప్లైవుడ్ కొట్టి లోపల నల్లగుడ్డ కట్టాం, ఒక్క ముందువైపే జనం చూసేలా. పగుళ్లు నా వెలుతురు, అందులోంచి లేచే చెయ్యి ఆయన చెక్క. మూడో రాత్రి నుంచి వరస కట్టారు. నాన్నగారు వచ్చి వరసలో నిలబడి చూశారు. ప్లైవుడ్‌ని వేలితో కొట్టి, "మన మేడదేనా?" అని మాత్రం అడిగారు. మిగిలిన ముక్కలు అవే మరి.

పక్కన బోర్డు పెట్టించాను. మా పిల్లల పేర్లు, సూరత్ మామ పేరు, వెల్డింగ్ కుర్రాడి పేరు, ఒడియాలో, తెలుగులో. సంఘం వాళ్లు చందాదారుల పేర్లు పైన ఉండాలన్నారు. పైన పెట్టుకున్నారు. ఇచ్ఛాపురం అమ్మాయి ఆ బోర్డు దగ్గర ఫోటో దిగి వాళ్లమ్మకి పంపింది. మూడు సినిమాలకి చేసిన పిల్ల, పేరు పడింది ఇక్కడే.

జాతర అయిన నెలకి సూరత్ మామ వెళ్లిపోయాడు. నేను ఉండమన్నాను. ఇలాంటి కదిలే బొమ్మలు పెళ్లిళ్లకి, దుకాణాలకి చేద్దామని, నా దగ్గర లెక్క కూడా వేసిపెట్టానని చెప్పాను. ఆ లోపు మూడు ఆర్డర్లు వచ్చాయి, అందులో ఒకటి వెనక్కి పోయింది. ఆయనకి సూరత్‌లో నెలనెలా చేతికి వచ్చేది నేను ఇవ్వలేకపోయాను. స్టేషన్‌కి మా కుర్రాళ్లు వెళ్లి ఎక్కించి వచ్చారు. ఇచ్ఛాపురం అమ్మాయికి బెంగళూరు నుంచి పిలుపు వచ్చింది. వెళ్తుందో లేదో ఇంకా చెప్పలేదు. వెళ్తే, ఆమె కోసం నేను ఈమెయిల్ రాయాల్సిన ఇద్దరి పేర్లు ఇప్పటికే ఆమెకి ఇచ్చేశాను.

మొన్న రాత్రి సూరత్ నుంచి వాట్సాప్‌లో ఒక వీడియో వచ్చింది. వెనక మరమగ్గాల మోత. "2027 జాతరకి" అన్నంతవరకు వినపడింది, తర్వాత మాట మోతలో కలిసిపోయింది. ఆయన చేతిలో కొత్త క్యామ్, తొడిమ వంకరగా ఉన్న వంకాయలాంటిది, దానికి ఆనించిన సైకిల్ చువ్వ లేచి దిగుతోంది. ఫోన్ వీడియో కాబట్టి సెకనుకి ముప్పై ఫ్రేములు. మేడ మీదికి వెళ్లి ఒక్కొక్కటిగా లెక్కపెట్టాను. లేవడానికి 41, ఆగడం 12, దిగడానికి 5. దిగాక చివర్లో చిన్న చలి జ్వరం ఉంది. రాసి పంపాను.